నాయన ముద్దను తూకం వేసిన ఆదివారం

మా నాయన కుడికంటి ఆపరేషను రెండోసారి వాయిదా పడిన రోజున, మదనపల్లెలోని కంటి ఆసుపత్రి మెట్లు దిగుతూ నేను దిగులు పడవలసింది. నిజం చెప్పాలంటే ఆ సమయంలో నాలో ఉత్సాహమే ఎక్కువగా ఉంది. డాక్టరుగారు మాకు స్పష్టమైన లక్ష్యం ఒకటి చెప్పారు. నాయన రక్తంలో చక్కెర మూడు వందల పన్నెండు ఉంది, అది రెండు వందల లోపుకు రావాలి, అందుకు ఆరు వారాల గడువు. మాత్రల మోతాదు మార్చి రాశారు. రోజూ నడవాలన్నారు, తిండి అదుపులో ఉండాలన్నారు. కంటిలోని పొర బాగా ముదిరిందని, ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషను కష్టమవుతుందని కూడా హెచ్చరించారు. లక్ష్యమూ గడువూ తెలిసిన పని అయితే నేను చేయగలనన్న నమ్మకం నాకుంది. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. డిగ్రీ అయినా, ఉద్యోగమైనా గోడకు ఒక పట్టిక అంటించుకొని, దాని ప్రకారం నడిచి సంపాదించుకున్నదే.

నాయనకు ఆ కన్ను ఎందుకంత అవసరమో చెప్పాలి. ఆయన ఇరవై ఏళ్ళకు పైగా మదనపల్లె టమోటా మార్కెట్టులో పెట్టెలు మోశాడు. నడుము పట్టేసిన తరువాత అదే మండీలో కాయలు ఏరే పనికి మారాడు. రైతు తెచ్చిన సరుకులో గట్టి కాయ ఒక కుప్పకు, పండిన కాయ మరో కుప్పకు, మచ్చ పడినది ఇంకో కుప్పకు చేరాలి. ఆయన రెండు చేతులూ ఒకేసారి రెండు వేర్వేరు కుప్పలకు కాయలు విసురుతుంటే చూడడం నాకు చిన్ననాటి నుంచీ ఇష్టం. అయితే రెండోసారి వాయిదా పడడానికి వారం ముందు, మచ్చకాయలు కొన్ని మొదటి రకం పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. మండీ యజమాని కోప్పడలేదు. "కన్ను బాగయ్యేదాకా ఇంటికాడ ఉండప్పా, నీ జాగా యాడికీ పోదు" అని మాత్రం అన్నాడు. తిట్టి ఉంటే నాయన తట్టుకొనేవాడు. ఆ మెత్తని మాటే ఆయనను బాధించింది. ఇంటికి వచ్చి, "నా జాగాలో ఇంకొకడు కూసున్నాక అది నా జాగా ఎట్లయితాది?" అని అమ్మతో అన్నాడట. ఆ కన్ను రాకపోతే ఆయనకు మార్కెట్టు లేదు, మార్కెట్టు లేని నాయనను నేను ఊహించలేను.

నేను కుప్పంలోని ఒక డిగ్రీ కళాశాలలో వాణిజ్యశాస్త్రం బోధిస్తాను. వారమంతా అక్కడే గది అద్దెకు తీసుకొని ఉంటాను, ఆదివారాలు ఇంటికి వస్తాను. వాయిదా తరువాత వచ్చిన మొదటి ఆదివారం చక్కెర చూసే చిన్న యంత్రం తెచ్చాను. ఐదో తరగతి వరకు చదివిన అమ్మకు దానిలో అంకెలు చదవడం నేర్పించాను. వేలిని ఎలా తుడవాలో, సూదిని ఏ వైపున గుచ్చాలో, రక్తం చుక్క అంటించే పట్టీల డబ్బా మూత ఎందుకు వెంటనే పెట్టాలో వివరించాను. వంటింటి తలుపు మీద పెద్ద అక్షరాలతో పట్టిక అంటించాను. అందులో మొదటి వరుస ఇది: అన్నం బదులు రాగిసంగటి.

ఆ వరుస చూసి అమ్మ ముఖం వికసించింది.

"సంగటి తినొచ్చునా పాపా? రెండు పూట్లానా?"

"తినొచ్చమ్మా. అన్నం కంటే రాగులు మంచివి."

"నేను ఇంకా ఏదో గడ్డీ గాదం తినమంటారేమో అనుకొంటి" అన్నాడు నాయన. "సదువుకున్న బిడ్డ సెప్పినాక ఇంకేముండాది? మందు తిన్నట్లు తింటా."

మరునాటి నుంచి ప్రతి ఉదయం ఆరున్నరకు నా ఫోను మోగేది, అమ్మ ఆనాటి అంకె చదివి చెప్పేది. పరీక్షా ఫలితాల కోసం ఎదురు చూసినంత ఆత్రంగా నేను దానికోసం కాచుకొని ఉండేదాన్ని. మూడు వందల ఐదు. రెండు వందల తొంభై. అది విని కుప్పం బస్టాండు దగ్గర నడుస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. మర్నాడు మూడు వందల పదకొండు. పదిహేనో రోజున మూడు వందల రెండు. ఇరవయ్యో రోజున రెండు వందల తొంభై ఎనిమిది. గడువులో సగం గడిచిపోయింది. మాత్రలు వేసుకుంటున్నాడా అని అమ్మను అడిగితే, ఖాళీ అట్టలు చూసి లెక్క చెప్పింది. నడుస్తున్నాడా అంటే, పొద్దున్నే మార్కెట్టు దాకా పోయి, టీ అంగడి బల్ల మీద కూర్చొని, తిరిగి నడిచే వస్తున్నాడు. టీలో చక్కెర కూడా మానేశాడు. అన్నం మెతుకు ముట్టడం లేదు. అన్నీ సక్రమంగానే ఉన్నాయి, అంకె మాత్రం దిగడం లేదు.

నాలుగో ఆదివారం తెల్లవారగానే కుప్పంలో బస్సెక్కాను. పలమనేరులో మారి, పుంగనూరు మీదుగా మదనపల్లె చేరేసరికి ఇంట్లో మధ్యాహ్నపు వంట జరుగుతోంది. నేను చేతులు కడుక్కొని వంటింటి గడప మీద కూర్చున్నాను. ఏమీ మాట్లాడకుండా కేవలం చూడాలని నిశ్చయించుకున్నాను.

అమ్మ ఉడికిన నూకలో రాగిపిండి పోసి, కుండను రెండు పాదాల మధ్య పట్టుకొని, కట్టెతో గట్టిగా కెలికింది. తరువాత సత్తుగిన్నెను నీళ్ళతో తడిపి, వేడి సంగటిని అందులో వేసి, గుండ్రంగా తిప్పి, నాయన పళ్ళెంలో బోర్లించింది. పళ్ళెంలో సగానికి పైగా ఆ ముద్దే ఆక్రమించింది. దాని పక్కన ఆకుకూర పప్పుకు స్థలం చాలక అంచున సర్దుకొని ఉంది.

"అమ్మా, రోజూ ఇంతేనా?"

"ఇంతే. అన్నం మానేసినాడు గదా పాపం, అని ఇంకొంచెం ఒత్తి పెడతాండా. కడాకు మజ్జిగలోకి ఇంకో సగం."

నా తప్పు ఒక్కసారిగా నా కళ్ళ ముందు నిలిచింది. ఏమి తినాలో పట్టికలో రాశాను. ఎంత తినాలో రాయలేదు. సిగ్గుపడవలసిన ఆ క్షణంలో కూడా, చిక్కుముడి విడిపోయిన ఆనందం నన్ను నిలవనీయలేదు. "నాయనా, ముట్టుకోవద్దు. ఒక్క నిమిషం" అని చెప్పి పక్కింటికి పరుగెత్తాను. పక్కింటి భాయి బండి మీద అరటిపండ్లు అమ్ముతాడు. తూకం కాటా కావాలన్నాను. ఎందుకో చెప్పగానే, ఇది తన కళ్ళతో చూడవలసిన విషయమని, కాటా తానే మోసుకొని వచ్చాడు.

ముద్ద ఏడు వందల ఇరవై గ్రాములు తూగింది.

"అరే, ఏడు నూర్లా ఇరవై" అన్నాడు భాయి, వంగి రెండోసారి చూసి. "అన్నా, ఇది ముద్దా, కల్లంగడి పుచ్చకాయా?"

నాయన తడి చేతిని గాలిలోనే నిలిపి ఉంచి కూర్చున్నాడు. "తూకం అయిపాయె గదా. ఇంక వేలం పాట పెట్టు పాపా. మద్రాసు యాపారస్తులను పిల్సుకోని రావల్లనా?"

అందరం నవ్వాము. నాయన కూడా నవ్వుతూనే ముద్ద మొత్తం తిన్నాడు, పైన మజ్జిగలోకి సగం పెట్టించుకొని మరీ తిన్నాడు.

ఆ సాయంత్రం నేను రెండో తప్పు చేశాను. సత్తుగిన్నెను అటక మీద పెట్టేసి, చిన్న గిన్నె తీసి అమ్మకు ఇచ్చాను. "ఆ గిన్నె మార్చేది నా సేత కాదు పాపా" అంది అమ్మ. అందుకని ముద్ద నేనే చేసి పెట్టాను. నాయన పళ్ళెం వైపు కాసేపు చూశాడు. పొర పట్టిన కంటితో కూడా ఆ తేడా తెలుస్తూనే ఉంది.

"ఇది ఎవురికి?"

"నీకే నాయనా."

"నాకా." పక్కనున్న చిన్న గిన్నెను ముట్టి చూశాడు. "ఊరికే కూసోని తింటాండావు అని నోటితో సెప్పుండొచ్చు గదా పాపా. దీనికి కాటా యాల, గిన్నె యాల?"

పళ్ళెం పక్కకు జరిపి లేచాడు. మాత్ర వేసుకోవాలని అమ్మ బతిమాలితే ఒక లోటా మజ్జిగ మాత్రం తాగాడు.

పెరట్లో గిన్నెలు కడుగుతూ అమ్మ అప్పుడు చెప్పింది, నాకు ఇన్నేళ్ళూ కనపడనిది. మా వాళ్ళలో ముద్ద పరిమాణం ఆకలిని బట్టి కాదు, మనిషి చేసే పనిని బట్టి నిర్ణయమవుతుంది. బరువు మోసేవాడికి పెద్ద ముద్ద. పొలం పనికి పోయే ఆడమనిషికి దానికంటే కొంచెం తక్కువ. పని మానుకొని మూల కూర్చున్నవాళ్ళకు చిన్నది. నాయన పెట్టెలు మోయడం మానినప్పుడు గిన్నె మార్చాలా వద్దా అని అమ్మ చాలా రోజులు మథనపడిందట. "నడుం పోయినందుకే మీ నాయన సగమైనాడు. ముద్ద గూడా తగ్గిస్తే ఎట్ల అని నేను ఆ గిన్నెను ముట్టలేదు" అంది. ఆరేళ్ళుగా ఆ గిన్నెతో అమ్మ నాయన గౌరవాన్ని కాపాడుతోంది. నేను దానిని ఒక్క సాయంత్రంలో అటకెక్కించాను.

సోమవారం ఉదయం కుప్పానికి తిరిగి వెళుతూ పుంగనూరులో బస్సు దిగేశాను. నాయన తల్లి, మా అవ్వ, అక్కడ మా మేనత్త ఇంట్లో ఉంటుంది. ఆమె వయసు ఎవరికీ కచ్చితంగా తెలియదు, ఎనభై దాటాయని ఆమె లెక్క. గడపలో కూర్చొని నానిన అనపగింజలను వేళ్ళతో పితికి పొట్టు తీస్తోంది. గింజ ఒక్కటి కూడా గురి తప్పకుండా గిన్నెలో పడుతోంది. నేను జరిగినదంతా చెప్పాను. కాటా దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"సంగటిని కాటాకేసినావా మే? ఇంత వయసొచ్చింది, ఎన్ని సూసినానో, ఇది సూళ్ళా." నవ్వు ఆగాక అడిగింది: "కన్ను ఆపరేషనుకు ఇంకెన్నాళ్ళుండాది?"

"ఇరవై రోజులు కూడా లేవవ్వా."

"అయితే పా, పోదాం."

"ఆదివారం వచ్చి తీసుకుపోతాను."

"ఆదివారం దాకా యాల? వాడు దినామూ తింటాండాడా, ఆదివారం ఆదివారం తింటాండాడా?"

ఉద్యోగంలో చేరాక మొదటిసారి అప్పటికప్పుడు ఫోను చేసి ఒక్కరోజు సెలవు అడిగాను. అవ్వ చీర మార్చుకొని, పితికిన పప్పు మూట కట్టుకొని, నాకంటే ముందు బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చున్న ఆమెను చూస్తుంటే, పరీక్ష గదిలోకి మంచి తోడుతో వెళుతున్నంత ధైర్యం నాకు కలిగింది.

ఇంటికి చేరగానే అవ్వ అటక మీది సత్తుగిన్నెను దింపించింది. "వాడి ముద్ద వాడికి దీంట్లోనే పెట్టు" అని అమ్మకు చెప్పింది. నాయన ముందు పెద్ద ముద్ద పడింది. అవ్వ ఆయనకు ఎదురుగా కూర్చొని తన పళ్ళెం ముందుకు జరిపింది. అందులో పెద్ద నిమ్మకాయంత ముద్ద, చుట్టూ నిండుగా పితికిన పప్పు కూర.

"రేయ్, నా ముద్ద సూడు."

"సూస్తాండాలే మా."

"నీ కంటికి యాడ కనిపిస్తాది, సేత్తో పట్టి సూడు."

నాయన నవ్వి, చేయి చాపి ఆ చిన్న ముద్దను తడిమాడు.

"దాన్ని ఎవురు తగ్గించినారు?"

"ఎవురు? అక్కనా?"

"నేనే. కలుపుకు పోయేది మానిన దినం మీ అక్కతో సెప్పినా, ఈపొద్దు నుంచి సగం పెట్టుమే అని. పక్కింటోళ్ళు ఏమనుకుంటారో అని అది ఏడ్సింది. నేను సావాలని కాదుమే, ఇంకా కొన్నాళ్ళు బతకల్లనే తగ్గించుకుంటాండా అని సెప్తి." దానిలో కొంచెం తుంచి నోట్లో పెట్టుకొని నిదానంగా మింగింది. "నువ్వు పెట్టెలు మోసేది నిలిపి ఎన్నాళ్ళాయె?"

"ఆరేండ్లు."

"ఈ ముద్ద ఆ పెట్టెలు మోసినోడిది. ఆయప్ప ఇప్పుడు ఈడ లేడు. ఆయప్ప కూడు నువ్వు యాల తింటాండావు?"

నాయన తన ముద్దను ముందుకు లాక్కున్నాడు. తరువాత రెండు చేతులతో దానిని మధ్యకు విరిచాడు. ఆవిరి పైకి లేచింది. సగం తీసి, అవ్వ పళ్ళెంలో కాదు, నా పళ్ళెంలో వేశాడు.

"ఉద్యోగం సేసేది నువ్వు గదా పాపా. నువ్వు తిను."

ఆ సగాన్ని తినడం నా వల్ల అయ్యే పని కాదు. అయినా ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను. నాయన పళ్ళెంలో ఖాళీ అయిన చోట అమ్మ రెండు గరిటెలు ఆకుకూర, ఒక గరిటె పితికిన పప్పు వేసింది. ఈసారి వాటికి చోటు సరిపోయింది.

ఆ వారం నుంచి నా ఉదయాలు మారిపోయాయి. గురువారం రెండు వందల అరవై. శనివారం రెండు వందల నలభై ఒకటి. నేను మా అధ్యాపకుల గదిలోకి అడుగు పెట్టగానే, "ఈ రోజు ఎంత?" అని తోటివారు అడగడం మొదలుపెట్టారు. మధ్యలో పక్కింటి భాయి కూతురి నిశ్చితార్థం వచ్చింది. మర్నాడు అంకె రెండు వందల డెబ్బైకి ఎగిరింది. "బిర్యానీ. రెండు తూర్లు పెట్టించుకొంటి" అని నేను అడగక ముందే నాయన ఒప్పుకున్నాడు. భాయి కూడా ఫోను అందుకొని, తప్పు తనదేనని, అన్న అడగకపోయినా తానే పెట్టానని సాక్ష్యం చెప్పాడు. నాయన ఆ రోజు మార్కెట్టుకు రెండుసార్లు నడిచి వెళ్ళి వచ్చాడట.

మార్కెట్టులో టీ అంగడి దగ్గర ఆయన అంకె ప్రతిరోజూ చర్చకు వచ్చేది. పాత సావాసగాళ్ళు దూరం నుంచే కేక వేసేవారు: "ఏమప్పా, ఈపొద్దు నీ రేటెంత?"

"రెండు నూర్లా పద్దెనిమిది."

"నిన్నటికంటే పడిపోయిందే. టమోటా రేటు పడితే రైతు ఏడుస్తాడు, నీ రేటు పడితే నువ్వు పండ్లు బయట పెడతాండావు."

గడువు చివరి రోజున నాయనను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రక్తం తీసిన నర్సమ్మ లోపలికి వెళ్ళి కాగితంతో తిరిగి వచ్చింది. నూట డెబ్బై ఆరు. డాక్టరుగారు కాగితం చూసి, ఇదే ఇలా కొనసాగించాలని, మాత్రలు ఆపకూడదని చెప్పి, మర్నాడు ఉదయానికే ఆపరేషను పెట్టారు. వరండాలో నిలబడి నేను కుప్పానికీ, పుంగనూరుకూ, పక్కింటికీ వరుసగా ఫోన్లు చేశాను. నా గొంతు మరీ పెద్దదైందని ఎవరో వచ్చి మెల్లగా మాట్లాడమన్నారు.

ఆపరేషను సజావుగా జరిగింది. మరునాడు కట్టు విప్పాక నల్ల అద్దాలతో ఇంటికి వచ్చాడు. అమ్మ ఆయన ముందు పళ్ళెం పెట్టింది. అద్దాలు కొంచెం పైకెత్తి, ముద్దను అటూ ఇటూ చూశాడు.

"ఇన్నాళ్ళూ ఇంతేనా పెడతాండేది? కన్ను రానంత వరకు బాగా పెద్దగానే కనిపిస్తాండె."

"కావల్లంటే మళ్ళా మూసుకో" అంది అమ్మ.

ఆయన తిన్నాడు, మళ్ళీ అడగలేదు.

డాక్టరుగారు చెప్పినట్లు నెల రోజులు దుమ్ములోకి పోలేదు. నెల నిండిన మర్నాడు ఆరున్నరకు ఫోను రాలేదు. ఏడైనా రాలేదు. ఏడున్నరకు నేనే చేశాను. అవతల వేలం పాటల గోల, పెట్టెల చప్పుడు, ఎవరో అంకెలు అరుస్తున్నారు.

"నూట అరవై నాలుగు" అన్నాడు నాయన గడగడా. "పాపా, పెట్టేయ్. పనిలో ఉండా."

పెట్టేస్తానన్నాను, కానీ ఆయన ఫోను ఆపకుండానే జేబులో వేసుకున్నట్టున్నాడు. ఎవరో రైతు గొంతు వినిపించింది, ఆ కాయకు ఏమీ లేదని, మొదటి రకంలో వేయమని వాదిస్తున్నాడు.

"ఏమీ లేదా? ఈడ సూడప్పా, తొడిమ కింద. ఆవగింజంత ఉండాది మచ్చ."

"యాడుండాది? నాకు కనపడలా."

"నీకు కనపడదు. పోయి కన్ను సూపించుకో."

తరగతికి వేళవుతోందని తెలిసి కూడా, కళాశాల గేటు దగ్గర ఫోను చెవికి ఆనించుకొని, ఆ తగవు తేలేదాకా నేను అక్కడే నిలబడ్డాను.